ఐడెల్లా దాటేసిన పేజీలు

అలబామాలో హార్లన్ ఫెర్రీ అనే చిన్న ఊళ్ళో ఐడెల్లా ముప్ఫై నాలుగేళ్లు పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చుంది. ఏ ఇంటికి ఎవరు ఉత్తరాలు రాస్తారో, ఎవరు రాయడం మానేశారో ఆమెకు తెలుసు. నోరు మాత్రం విప్పలేదు. రిటైరయ్యాక ఆ కరువంతా నవలలతో తీర్చుకుంది. మేనత్తను అటక మీద దాచినవాళ్ళు, ఖాళీ శవపేటికను పాతిపెట్టి ఏడ్చినవాళ్ళు, అలాంటి తిక్క కుటుంబాల కథలంటే ఆమెకు ప్రాణం.

అక్క వాన్సీల్ ఆమెకన్నా పదిహేడేళ్లు పెద్దది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషికి చూపు ఆనదు కాబట్టి, మధ్యాహ్నం వరండాలో ఐడెల్లా పైకి చదివేది. వాన్సీల్ ఒళ్ళో గిన్నె పెట్టుకుని, తడిమి తడిమి అలసందలు ఒలుస్తూ వినేది.

"చూశావా అక్కా, ఇద్దరు పెళ్ళాల్నీ ఒకే వీధిలో పెట్టాడు ముసలోడు! మనింట్లో ఇంత ముచ్చట ఒక్కటైనా ఉందా?"

"మన నాన్నకి ఒక్క పెళ్ళానికి గౌను కొనే దిక్కే లేదు, మళ్ళీ ఇద్దరా? చదువు, చదువు."

ముచ్చట లేకేం, ఉంది. ఇరవై రెండేళ్ల కిందట అమ్మ పోయినప్పుడు, చర్చిలో చదవడానికి తేదీలు కావాలని ఐడెల్లా ఇంటి బైబిల్ తెరిచింది. బిడ్డ పుడితే కన్నతల్లే తన చేత్తో ముందు పేజీలో పేరు రాయడం ఆ ఇంటి ఆచారం. ఆరు పేర్లు అమ్మ గుండ్రటి రాతలో ఉన్నాయి. ఏడో పేరు ఐడెల్లా. అది వాన్సీల్ రాత. ఐడెల్లా పుట్టే ముందు చలికాలమంతా వాన్సీల్ మాంట్గోమరీలో పిన్ని దగ్గర ఉందని, ఊపిరితిత్తుల జబ్బని ఇంట్లో అందరూ చెప్పేవారు. ఊరందరికీ అబద్ధం చెప్పిన ఆ మహానుభావులకు బైబిల్లో అబద్ధం రాయడానికి చెయ్యాడలేదు.

ఐడెల్లా ఏమీ అడగలేదు. అక్క తనంతట తనే చెప్పాలి కదా అనుకుంది. ఏళ్ళు గడిచిపోయాయి. ఈ మధ్య వాన్సీల్ గుండె బాగాలేదని డాక్టరు చెప్పినప్పటి నుంచి, చెప్పకుండానే పోతుందేమోనని దిగులు పట్టుకుంది. అయినా నవలలో అలాంటి బిడ్డ కనిపిస్తే చాలు, వాన్సీల్‌కు ఇబ్బందని గుట్టుగా ఆ పేజీలు దాటేసేది.

ఆ మంగళవారం కూడా అలాగే నాలుగు పేజీలు దాటేసి చదవబోయింది. ఒలుస్తున్న చేతులు ఆగిపోయాయి.

"దాటేశావు," అంది వాన్సీల్.

"లేదే!"

"నాకు కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదే పిల్లా. ఈ పుస్తకం చూపున్నప్పుడే చదివాను. అక్క కాదు, అమ్మ అని తెలిసే చోటు ఇదే కదా?"

ఐడెల్లా దాటేసిన పేజీలు వెనక్కి తిప్పింది.

"నేను అక్కడిదాకానే చదివాను," అంది వాన్సీల్, గిన్నెలో గింజలు వేళ్ళతో కలియబెడుతూ. "తర్వాతది చదివే ధైర్యం లేక లైబ్రరీకి తిరిగి ఇచ్చేశాను. ఆ పిల్లకి కోపం వచ్చిందా?"

ఐడెల్లా పేజీ వైపు చూసింది. అందులో ఆ పిల్ల పళ్ళెం గోడకేసి కొట్టి, తలుపు ధడేలుమనిపించి, మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని వెళ్ళిపోయింది.

"రాలేదు," అంది ఐడెల్లా.

"కొంచెం కూడానా?"

"చెప్పడానికి ఇన్నాళ్లు పట్టిందేమిటా అని బాధపడింది. అంతే."

వాన్సీల్ కళ్ళు తుడుచుకోవడానికి ఆప్రాన్ అంచు వెతుక్కుంటుంటే ఐడెల్లా అందించింది.

"పుస్తకంలో అలాగే రాసి ఉందా?"

"పుస్తకం రాసినావిడకేం తెలుసు? ఆవిడకి నువ్వు తెలుసా?" అంటూ ఐడెల్లా గిన్నె తన వైపు లాక్కుని, ఆమె పక్కనే కూర్చుని ఒలవడం మొదలుపెట్టింది.