బోరుబండికి దుమ్ము పూసిన రోజు

2021లో పులివెందుల నుంచి నాగరత్నమ్మ అనే ఆమె ప్రొద్దుటూరులోని నా షాపుకు వచ్చింది. నేను చిన్న సైజు బండ్లు, ఇళ్ల మోడళ్లు చేస్తాను. కొత్తగా మెరిసేదాన్ని వాడిన వస్తువులా మార్చడం ఈ పనిలో నాకు మహా ఇష్టం. మురికి పూసేదానికి కూడా ఒక పనోడా అని మా వీధిలో ఎగతాళి చేస్తారు. చూడ్డానికి మాత్రం వాళ్లే ముందొస్తారు.

ఆ మురికిని మేం వాష్ అంటాం. రంగును నీళ్లలా పలచగా కలిపి మోడల్ మీద పారిస్తే సందుల్లోకి, గీతల్లోకి దిగుతుంది. ఆరేలోగా పైపైన తుడిస్తే, పల్లంలో ఉన్నది మాత్రం నిలుస్తుంది.

ఆమె తువ్వాలు విప్పి మూరెడు పొడవున్న నీలం బోరుబండిని బల్ల మీద పెట్టింది. బోరుబండి డ్రైవరైన ఆమె భర్త రేకు ముక్కలతో దాన్ని చేసి, రంగు వేసి, కొద్దిరోజులకే గుండెపోటుతో పోయాడట. పని నుంచి తిరిగొచ్చిన బండిలా దుమ్ము పట్టి కనిపించాలని ఆయన కోరిక. అదొక్కటీ మిగిలిపోయింది.

"ఆయన పూసిన రంగు మాత్రం పోగూడదన్నా. ఆయన చేత్తో చేసింది ఇంట్లో ఇదొక్కటే ఉండాది," అంది.

నాకు అక్కడే భయం పట్టుకుంది. నేను వాడే వాష్‌లో థిన్నర్ ఉంటుంది. కింద ఉన్నది తలుపులకు వేసే ఎనామిల్ అయితే, థిన్నర్‌కు మెత్తబడి గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. అసలుకే ఎసరు. ఆయన ఏ రంగు వాడాడో ఆమెకు తెలియదు. బండి తిరగేసి, చక్రం వెనక కనపడని చోట థిన్నర్ తడిపిన దూది అద్దాను. దూది నీలమైంది.

అందుకని నీళ్ల రంగు తీశాను. నున్నటి ఎనామిల్ మీద నీళ్లు బొట్లుబొట్లుగా ముడుచుకుంటాయి. ఒక చుక్క షాంపూ కలిపితే పరుచుకుంటాయి. ఎర్రమట్టి రంగు కలపబోతుంటే ఆమె ఆపింది.

"బోరు దుమ్ము యాడన్నా ఎర్రగుంటాదా అన్నా? రాతిపొడి గదా, బూడిద మాదిరి తెల్లగుంటాది. ఆయన చొక్కాలు ఉతికింది నేనే."

తెల్లటి బూడిద రంగు కలిపి కుంచెతో పారించాను. రివెట్ల చుట్టూ, నిచ్చెన మూలల్లో నిజంగానే దుమ్ము పేరుకున్నట్టయింది. తలుపు దగ్గర తుడుస్తుంటే ఒక మచ్చ పోలేదు. వంగి చూస్తే సన్నటి గీతలు, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి ఉన్నాయి. రంగు పచ్చిగా ఉన్నప్పుడు ఆయన బొటనవేలు తగిలింది. నీలంలో ఇన్నాళ్లూ కనపడని ఆ ముద్రలోకి నా వాష్ దిగింది.

మా పనిలో వేలిముద్ర అంటే తప్పే. ఎమరీ పేపరుతో రుద్ది మళ్లీ రంగు వేస్తాం. ఆమె చేతికి భూతద్దం ఇచ్చి, తీసేయాలా అని అడిగాను. ఆమె చాలాసేపు చూసింది. తన బొటనవేలు దాని మీద పెట్టబోయి, తాకకుండా వెనక్కి తీసుకుంది.

"ఆడ తుడవాకన్నా," అంది.

గుడ్డ పక్కన పెట్టేశాను. ఎక్కడ తుడవాలో ఇన్నేళ్ల పనిలో నేర్చుకున్నాను. ఎక్కడ తుడవకూడదో మాత్రం బండి తెచ్చినవాళ్లే చెప్పాలి.