పగులు మీద గాజుపట్టీ

మేస్త్రిని ఎవరైనా పావుగంట ఒకచోట కూర్చోబెడితే వాళ్ళకి దణ్ణం పెట్టాలి. అన్నం తింటూ మధ్యలో లేచి తలుపు బందు బిగిస్తాడు. చుట్టాలింటికి వెళ్తే వాళ్ళ గోడని వేలి కణుపుతో కొట్టి చూసి, "ఎవడు కట్టాడయ్యా ఇది?" అంటాడు. "కాలుగాలిన పిల్లి నయం, దాని కాలైనా ఎప్పటికో మానుతుంది," అని ఆయన భార్య ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉంది. అలాంటి మనిషికి తొంభై రోజులు దేన్నీ ముట్టుకోకుండా ఊరికే చూస్తూ ఉండే పని పడింది. ఖర్మ కాకపోతే ఏమిటి!

సంగతేమిటంటే, ఆయన కూతురు మరో పదిహేనుమంది ఆడవాళ్ళతో కలిసి కుట్టుపని చేస్తుంది. బడి యూనిఫారాలు, ఆసుపత్రి దిండు గలీబులు, ఏది దొరికితే అది. వాళ్ళుండేది ఒక రేకుల షెడ్డు. ఎండ కాస్తే కుంపటి, వానొస్తే మిషన్ల మధ్య బకెట్లు. అదీ ఏడాది చివరికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఇంకో చోటు దొరక్కపోతే పదహారుమందీ తలో దారి పట్టాల్సిందే.

షెడ్డుకి రెండు వీధుల అవతల మూడంతస్తుల పాత కట్టడం ఉంది. ఒకప్పుడు మున్సిపాలిటీ వాళ్ళ ప్రసూతి ఆసుపత్రి. పధ్నాలుగేళ్ళుగా తాళం. పావురాలకి తప్ప ఎవరికీ పనికిరాలేదు. "మా చేతుల్తో బాగుచేసుకుంటాం, అద్దె కడతాం, ఇవ్వండి" అని కూతురు అర్జీ పెట్టింది. కౌన్సిల్లో అందరూ చేతులెత్తి సరేనన్నారు కూడా. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వద్దూ? ఇక్కడ పూజారి ఇంజినీరు.

గోడల్లో మూడుచోట్ల పగుళ్ళున్నాయి. అవి పాత పగుళ్ళా, ఇంకా కదులుతున్నాయా అన్నది తేలాలి. దానికి మేస్త్రీల పద్ధతి ఒకటుంది. పగులుకి అడ్డంగా పల్చటి గాజుపట్టీ పెట్టి, రెండు కొసల్నీ సిమెంటు ముద్దలతో అతికిస్తారు. ముద్ద పచ్చిగా ఉండగానే మేకుతో తారీఖు గీస్తారు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పుటుక్కుమంటుంది. తొంభై రోజులు మూడు గాజులూ నిలిస్తే ఇంజినీరు సంతకం పెట్టాలి. ఒక్కటి పగిలినా కట్టడం ప్రమాదకరమని రాసి కూల్చేస్తారు.

ఇంజినీరు ముందే మేస్త్రి మూడు గాజులూ పెట్టాడు. తాళంచెవి ఒకటి ఆఫీసులో, ఒకటి మేస్త్రి దగ్గర. ఆ సాయంత్రమే ఆఫీసు బంట్రోతు షెడ్డుకొచ్చి కూతురితో నసిగాడు. "ఆ స్థలం మీద పెద్దవాళ్ళ కన్నుందమ్మా. సారు చెయ్యి కాస్త తడిపితే మంచిది. గాజన్నాక ఎప్పుడైనా పగలొచ్చు."

"మా దగ్గర తడపడానికి వాననీళ్ళే ఉన్నాయి, బకెట్టుతో ఇమ్మంటావా?" అంది కూతురు. ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. మేస్త్రికి మాత్రం నవ్వు రాలేదు.

ఇక చూడాలి ఆయన అవస్థ! పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి చూడందే ముద్ద దిగేది కాదు. వీధిలో బరువు లారీ పోతే గుండె పీచుపీచుమనేది. గాలి గట్టిగా వీస్తే పని వదిలేసి పరుగెత్తేవాడు. "నాన్నా, గోడ నీ చూపుకే కూలేట్టుంది. ఇంట్లో ఉండు," అని కూతురు కసురుకుంది. వింటేగా!

ఎనభై ఒకటోరోజు పొద్దున వెళ్ళేసరికి రెండో అంతస్తు మెట్ల దగ్గరి గాజు పగిలి ఉంది.

మేస్త్రి గోడ పట్టుకుని నిలబడి దగ్గరగా చూశాడు. గోడ కదిలి పగిలిన గాజైతే పగులు వెంబడే చీలుతుంది. ఇది కొస దగ్గర పగిలింది. దెబ్బ తగిలినచోట గాజు పొడైపోయింది, సిమెంటు ముద్ద అంచు కూడా లేచిపోయింది. సుత్తి దెబ్బ! పనివాడెవడికైనా ఒక్క చూపులో తెలుస్తుంది. అక్కడే నిలబడి కూతుర్ని పిలిచి, నలుగుర్నీ పోగుచేసి, ఫొటోలు తీయించి ఉంటే కథ వేరేగా ఉండేది. కానీ ఆ మనిషికి ఆగడమంటే చేతనవుతుందా? పగిలింది కనబడితే చాలు, బాగుచేసెయ్యాలి. చేతులు ఊరుకోవు. పైగా భయం.

పరుగున ఇంటికెళ్ళి ఇంకో పట్టీ కోసుకొచ్చాడు. కొత్త ముద్దలు పెట్టి, పాత తారీఖే గీశాడు. ముద్ద ఆరాక కొత్తదని తెలియకుండా నేలమీది దుమ్ము తీసి రుద్దాడు. పాత ముక్కలు ఏరి కాలవలో పారేశాడు. ఎవరికీ చెప్పలేదు. పక్కనే కూర్చుని తింటున్న కూతురికి కూడా చెప్పలేదు.

తొంభయ్యోరోజు పొద్దున ఇంజినీరు వచ్చాడు. పదహారుమంది ఆడవాళ్ళూ, వాళ్ళ వెనక మేస్త్రీ వాకిట్లో నిలబడ్డారు. ఆయన మెట్టయినా ఎక్కలేదు. చేతిలో కాగితం ముందే టైపు చేసి ఉంది.

"రెండో అంతస్తు మెట్ల దగ్గర గాజు పగిలింది. కట్టడం కదులుతోంది. సారీ అమ్మా."

"పైకెళ్ళి చూసి చెప్పండి సార్," అంది కూతురు.

అందరూ ఎక్కారు. గాజు నిక్షేపంలా ఉంది. తారీఖు కూడా సరిపోయింది. ఇంజినీరు దాన్ని చూశాడు, బంట్రోతు కేసి చూశాడు. బంట్రోతు నేలకేసి చూశాడు.

"పగిలిందని మీకెవరు చెప్పారు సార్?" కూతురి గొంతు ఖంగున మోగింది. "మీరు మెట్టెక్కకుండానే కాగితం మీదికి ఎలా ఎక్కింది?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు ఇంజినీరు. ఆడవాళ్ళంతా "చెప్పండి సార్, చెప్పండి!" అని మొదలెట్టారు. గెలిచేశారు, నిజంగా గెలిచేశారు! ఇంకో నిమిషం ఆగితే ఆయన సంతకం పెట్టి దిగిపోయేవాడే.

కానీ ఆయనా తక్కువవాడు కాదు. "ఎవరో మార్చి ఉంటారు," అన్నాడు తేరుకుని.

కూతురు ఒంటికాలి మీద లేచింది. "మా నాన్న పెట్టిన గాజు ఇది! ఆయన పనిలో అబద్ధమనేది లేదు. ఆయన మీద ఒట్టేసి చెప్తున్నా," అని వెనక్కి తిరిగి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి పడగానే మేస్త్రి దాన్ని పట్టుకుని పక్కకి తీశాడు. "ఒట్టెయ్యకు తల్లీ," అన్నాడు. "మార్చింది నేనే. ఎవడో సుత్తితో కొట్టాడు. గోడ కదల్లేదు, నా మాట నమ్మండి. గోడ రాయిలా ఉంది."

"ముక్కలేవి?" అన్నాడు ఇంజినీరు మెత్తగా.

"కాలవలో పారేశాను."

ఇంజినీరు కలం తీసి రాసుకున్నాడు. గాజు పగిలినట్టూ, దాన్ని దొంగతనంగా మార్చినట్టూ మేస్త్రి ఒప్పుకున్నాడని రాశాడు. సుత్తి మాట రాయలేదు. తనకి ముందే ఎలా తెలిసిందో అది అసలే రాయలేదు. కూతురు పై ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. వెళ్ళిన ప్రతిచోటా ఆ కాగితమే తీసి చూపించారు.

నెల తిరక్కుండా యంత్రాలొచ్చాయి. "ఏ క్షణమైనా కూలవచ్చు, దూరంగా ఉండండి" అని బోర్డు పెట్టి, చుట్టూ తాడు కట్టారు. ఆ కట్టడం పందొమ్మిది రోజులు పడనని మొరాయించింది. ఒక యంత్రం పళ్ళు విరిగితే ఇంకోటి తెప్పించారు. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఇదేనటయ్యా కూలిపోయే బిల్డింగు!" అని నవ్వుకున్నారు. మేస్త్రి రోజూ వెళ్ళి తాడు ఇవతల నిలబడేవాడు. మెట్ల గోడ నడుమెత్తు మిగిలినరోజు కూతురు వెతుక్కుంటూ వచ్చింది.

"ఆ రోజు నోరు మూసుకుని ఉండాల్సింది తల్లీ," అన్నాడాయన.

"అందరి ముందూ నిజం చెప్పావు, దానికి నాకు కోపం లేదు నాన్నా. తొమ్మిది రోజులు నా పక్కన కూర్చుని అన్నం తిన్నావు. నాకు చెప్పలేదు. ముక్కలు తెచ్చి నా చేతిలో పెట్టి ఉంటే ఇవాళ నా మిషన్ ఈ కట్టడంలో ఓ కిటికీ దగ్గర ఉండేది."

మేస్త్రి నడివీధిలో ఏడ్చేశాడు. కూతురు ఊరుకోమనలేదు. కళ్ళు తుడుచుకునేదాకా ఆగి, ఆయన చెయ్యి పట్టుకుని షెడ్డుకేసి నడిచింది. షెడ్డు గడువు ఆ రోజుతో సరి, సాయంత్రంలోగా ఖాళీ చెయ్యాలి, ఇంకా పదకొండు మిషన్లు బండికెక్కించాల్సి ఉంది.