ఎందుకు ఆగిందో అడిగే సారు

పొద్దున మా సర్వీస్ డెస్క్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. మా టీమ్ లీడ్ సార్ ఇక లేరని, గుండెపోటని. కింద ఒకరి తర్వాత ఒకరు "సడన్‌గా పోయారు" అని రాశారు. ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. సడన్ ఏంటి? ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కన గ్యాస్ మాత్రల షీటు ఎప్పుడూ ఉండేది. ఛాతీ పట్టేసినప్పుడల్లా ఒకటి వేసుకుని మళ్లీ ఫోన్ ఎత్తేవారు. మేమందరం చూసిందే.

దుకాణాల కంప్యూటర్లు ఆగిపోతే నడిపించడం మా పని. నేను కాలేజీ మెట్లెక్కలేదు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఫిర్యాదు ఎంత తొందరగా మూసేస్తే అంత మొనగాణ్ననుకునేవాణ్ని. సార్ కోస్తా నుంచి వచ్చి మలక్‌పేటలో స్థిరపడ్డ మనిషి, గొంతు పెంచరు. మేం ఫిర్యాదు మూసేసిన దుకాణానికి మర్నాడు ఆయనే ఫోన్ చేసి "నిన్నటి నుంచి బాగుందాండీ?" అని అడిగేవారు. నాకు ఒళ్లు మండేది.

"జారి పడ్డవాణ్ని లేపావు, అది ఇన్సిడెంట్. నేల మీద నీళ్లెక్కణ్నుంచి వచ్చాయో చూడటం, అది ప్రాబ్లం" అనేవారు. "ముందు లేపవోయ్. లేపేసి వెళ్లిపోకు, అంతే."

చార్మినార్ దగ్గర ఒక గాజుల దుకాణంలో బిల్లింగ్ కంప్యూటర్ రోజూ సాయంత్రం ఆగేది. నేను పోయి నడిపించేవాణ్ని. మర్నాడు మళ్లీ అదే. చివరికి సేటు మా మేనేజర్‌కు ఫోన్ చేశాడు. "ఏంది భాయ్, రోజూ గీ లొల్లి! మీ పోరనికి పని వస్తదా రాదా?"

మేనేజర్ నన్ను ఇక పనిలోకి రావద్దన్నాడు. ఇంట్లో నా జీతమే ఆధారం. సార్ కుర్చీలోంచి లేచి వచ్చారు.

"పిలిచిన ప్రతిసారీ నడిపించాడండీ, అది వాడి పని. మళ్లీ మళ్లీ ఎందుకు ఆగుతోందో చూడాల్సింది మనం. అదీ వాడి నెత్తినే పెడితే ఎలా? ఒక్కరోజు ఆగండి."

మర్నాడు మధ్యాహ్నమే ఇద్దరం దుకాణంలో కూర్చున్నాం.

"ఏంది సార్, గిట్ల ఖాళీగ కూసుంటే నా నౌకరీ నిలుస్తదా?"

"అది ఆగేటప్పుడు చుట్టూ ఏం జరుగుతుందో ఎప్పుడైనా చూశావుటోయ్?"

ఆగిపోయాక వెళ్లేవాణ్ని, నేనేం చూస్తాను?

పొద్దు వాలింది. సేటు లేచి అరచేత్తో స్విచ్‌లన్నీ ఒకేసారి నొక్కాడు. గాజుల మీది లైట్లు భగ్గుమన్నాయి. కంప్యూటర్ తెర నల్లబడింది. నా చెయ్యి బటన్ మీదికి పోతుంటే సార్ మణికట్టు పట్టుకుని లైట్ల వైపు చూపించారు. లైట్లకూ కంప్యూటర్‌కూ కలిపి ఒకటే పాత వైరు, అన్నీ ఒకేసారి వేస్తే అది మోయలేకపోతోంది.

"లైట్లు బంద్ చేస్తే గాజులెవరు కొంటరు సాబ్?" అన్నాడు సేటు.

"ఆపమనట్లేదండీ. కంప్యూటర్‌కు వేరే వైరు లాగిద్దాం. అప్పటిదాకా ఒక్కో వరుసా వేయండి."

"గంతేనా? మరి ఈ హీరో గిన్ని దినాలు ఏం జేసిండు?"

"మీ గల్లాపెట్టె నడిపించాడు" అన్నారు సార్.

కొత్త వైరు పడింది. ఆ దుకాణం నుంచి మళ్లీ ఫిర్యాదు రాలేదు. నా నౌకరీ నిలిచింది.

అందుకే నాకింత కోపం. అందరి మిషన్లకూ వేసిన ప్రశ్న మీ ఛాతీకి ఎందుకు వేయలేదు సార్? మాత్రతో మూసేసి పనిలో పడ్డారు. మర్నాడు "బాగుందాండీ" అని అడిగే ఫోన్ మీకు ఎవరూ చేయలేదు.

అంత్యక్రియలయ్యాక, ఎవరూ పిలవకుండానే ఆ దుకాణానికి పోయాను. "మీ సాబ్ ఏడి?" అన్నాడు సేటు. చెప్పాను. పొద్దు వాలాక సేటు లేచి స్విచ్‌బోర్డు దగ్గరికి నడిచాడు. అరచేత్తో అన్నీ నొక్కినా ఇప్పుడేం కాదు, అతనికీ తెలుసు. అయినా వేలితో ఒకటి నొక్కి, ఆగి, తెర వైపు చూశాడు. తర్వాత ఇంకొకటి. ఎర్ర గాజులు, ఆకుపచ్చవి, పసుపువి, వరుస వెనక వరుస వెలుగుతూ వచ్చాయి.