ఆ ఆదివారం నేనన్న ఆమెన్

కెనడాలోని విండ్సర్‌లో ఏ బేస్‌మెంట్ తలుపు తీసినా చదువుకోడానికొచ్చిన మన పిల్లలే కనిపించిన రోజులవి. మా కింద గదిలో గుంటూరు వైపు అమ్మాయి అద్దెకుండేది. తక్కినవాళ్లంతా కంప్యూటర్లూ బిజినెస్సూ అంటుంటే, ఈ పిల్ల యూనివర్సిటీలో భాషల గురించి చదివేది. నేను బెండకాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని, పందొమ్మిదో శతాబ్దపు పోలండ్ పండితుడొకాయన కథ చెప్పేది. ఆయన కొండపల్లెలు తిరిగి చదువురానివాళ్ల మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాడట. సొంత పిల్లల ముద్దుమాటలు కూడా వదల్లేదట. చిన్న జాతుల పక్షాన రాసినందుకు ముసలితనంలో రష్యా చక్రవర్తి సర్కారు జైల్లో పెట్టిందట. బయటికొచ్చి మళ్లీ పాఠాలే చెప్పాడట.

"అయిదో తరగతి దాటని నా దగ్గరా కూర్చునేవాడంటావా?" అన్నాను.

"మీ దగ్గరైతే లేచేవాడే కాదు ఆంటీ!"

ఆయన మీదే థీసిస్ రాయాలని ఆ పిల్ల కోరిక. ఇంట్లోవాళ్లేమో అది మానేసి బిజినెస్ కోర్సుకు మారమని రోజూ ఫోన్లు. సోమవారంలోగా తేల్చుకోవాలి. నా దగ్గర ఏడ్చింది. నేను ఊరుకోక, పిల్లకు తన చదువు మీద నిలబడే ధైర్యం కోసం ప్రార్థించండంటూ మా చర్చి సంఘపెద్దగారి చెవిన వేశాను.

ఆదివారం ప్రార్థన కూడిక మా హాల్లోనే. పిల్లా వచ్చి కూర్చుంది. పెద్దగారు కళ్లు మూసుకుని అందుకున్నారు: "ప్రభువా, ఈ బిడ్డ ఎప్పుడో చచ్చిపోయిన పోలండ్ పెద్దమనిషిని పట్టుకుని కూర్చుంది. ఆయనేమన్నా జాబ్ ఇప్పిస్తాడా తండ్రీ? ఈ బిడ్డ మనసు మార్చు. మండే కల్లా కోర్సు మార్పించు!"

దేవుడి పేరు పెట్టుకుని పిల్లను నలుగురిలో తిట్టడం! ప్రార్థన మధ్యలో ఎవరూ నోరెత్తరని ఆయనకు తెలుసు. అందరూ ఆమెన్ అన్నారు. అలవాటు కొద్దీ నేనూ అన్నాను. నా నోరు పడిపోను!

కూడిక అయ్యాక నేను కిందికి వెళ్లేసరికి లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చేయడానికి సంచిలో సర్దుతోంది.

"మీరూ ఆమెన్ అన్నారుగా ఆంటీ," అంది. అరిచినా బాగుండేది.

సోమవారం నేనే కారులో యూనివర్సిటీ దగ్గర దింపాను. కోర్సు మార్చేసుకుంది.

మరుసటి ఆదివారం కూడికలో పెద్దగారు నవ్వుతూ, "ప్రేయర్ ఆన్సర్ అయింది కదా సిస్టర్, సాక్ష్యం చెప్పండి," అన్నారు.

ఒళ్లు మండిపోయింది. లేచాను. "నేనడిగింది అది కాదండీ. అడగనిదానికి నేనెందుకు చెప్పాలి సాక్ష్యం?"

"అంతా పిల్ల మంచికే కదా సిస్టర్..."

"పిల్ల కిందే ఉంది. ఆ మెట్లు దిగి ఆ మాట మీరే చెప్పండి. కళ్లు తెరుచుకుని చెప్పండి."

ఆయన దిగలేదు. మా హాల్లో మళ్లీ కూడిక పెట్టనివ్వలేదు నేను.