మా బావ మార్చిన మూడు పెట్టెలు

మా బావ చనిపోయిన పొద్దున ఆయన నంబరు నుంచి నాకు మూడు ఫోన్లు వచ్చాయి. మొదటి రెండూ ఆయనవే. కొత్త ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి చూశాననీ ఉన్నదానికంటే బాగుంటుందేమోననీ మొదటిది. చూసినదాని మీద అనుమానం వచ్చిందని రెండోది. మూడోసారి మోగినప్పుడు నేను బాగేపల్లి బస్టాండులో టీ తాగుతున్నాను. ఎత్తగానే, "బావా, ఆ పెట్టె వద్దు, ఉండేది చాలు, నన్ను టీ తాగనీ" అన్నాను. అవతల గుసగుసలాగా ఏదో వినబడింది. లైను బాగాలేదనుకుని గట్టిగా మాట్లాడమన్నాను. మాట్లాడుతున్నది మా అక్క. గొంతు ఆపరేషన్ అయి రెండు నెలలైంది, గట్టిగా మాట్లాడే శక్తి లేదు. మూడుసార్లు చెబితేగాని నాకు అర్థం కాలేదు, బావ కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడని.

అది జరిగి నెల దాటింది. ఇప్పటికీ ఫోను మోగితే ముందు విసుగొస్తుంది. తర్వాత గుర్తొస్తుంది.

బావది జంగమకోటె దగ్గర పల్లె. మల్బరీ తోట, పట్టుపురుగులు, దానితోపాటు మైకుసెట్టు. చిక్కబళ్ళాపురం నుంచి చింతామణి దాకా ఆయన హారన్లు కట్టని పెళ్ళిళ్ళు తక్కువ. కట్టి ఊరుకునే మనిషి కాదు. పాట పెట్టి, ఊరి చివరి ఇంటిదాకా నడిచి వెళ్ళి వినేవాడు. వెనక్కి వచ్చి హారను రెండు వేళ్ళ మందం తిప్పేవాడు. మళ్ళీ నడిచేవాడు. పాతపాళ్యలో ఒక పెళ్ళికి నేనూ వెంట వెళ్ళాను. పెళ్ళివారు మైకాయన ఏడని వెతుకుతుంటే, ఆయన ఊరవతల వేరుశనగ చేలో చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "చేలో ఎవురు వింటారు బావా?" అన్నాను. "గాలి తిరిగితే వింటారప్పా" అన్నాడు. మేమిద్దరం తిరిగి వెళ్ళేసరికి పాయసం అయిపోయింది. ఆ సంగతి ఇక్కడ అక్కర్లేదు గాని, ఇన్నేళ్ళయినా మరపు రాలేదు.

అక్క సంగతి మాత్రం అక్కర ఉంది. కలుపు తీసేటప్పుడైనా, పెళ్ళికూతురికి నలుగు పెట్టేటప్పుడైనా ఆ ఊళ్ళో పాట ఎత్తేది మా అక్కే. గొంతులో కొంచెం గరుకు, కొత్త గోనెసంచి మీద అరచెయ్యి పెట్టినట్టు. మైకు లేకుండానే రెండు చేలు దాటుతుంది. "ఇంట్లో మైకు అక్కర్లేని మనిషిని పెట్టుకోని, ఊర్లకంతా మైకులు కట్టినాను చూడు" అని బావ నవ్వేవాడు.

ఆ గొంతులో గడ్డ లేచింది. చిక్కబళ్ళాపురంలో డాక్టరు ఆపరేషన్ చెయ్యాలన్నాడు. ప్రాణానికి భయం లేదు, గొంతు మాత్రం ముందులాగా ఉంటుందో లేదో చెప్పలేమన్నాడు. మూడు నెలల లోపల చేయించుకోమన్నాడు. తిరిగివచ్చే బస్సులో బావ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు. దిగాక అన్నాడు: "ఈ మూడు నెలల్లో ఈమె పాటలన్నీ పట్టి పెట్టాలప్పా."

ఫోనులో రికార్డు చెయ్యవచ్చు గదా అన్నాను. "ఫోను దానికి నచ్చింది వింటాది. నాకు గొంతంతా కావాల" అన్నాడు. అప్పుడు మొదలైంది పెట్టెల వేట. ఆడియో ఇంటర్‌ఫేస్ అంటే మైకుకూ కంప్యూటరుకూ నడుమ ఉండే చిన్న పెట్టె, మైకు విన్నదాన్ని కంప్యూటరుకు తెలిసే భాషలోకి మారుస్తుంది. అంతవరకే నాకు తెలుసు. అదైనా బావ రోజూ ఫోను చేసి చెప్పబట్టి తెలిసింది. కూతురి పాత ల్యాప్‌టాప్ తెచ్చుకుని, అందులో పొద్దస్తమానం వీడియోలు చూసేవాడు. ఒకడు మంచిదన్న పెట్టెను ఇంకొకడు వద్దనేవాడు. ఫోనులో మాట్లాడుతున్నంతసేపూ వరండాలో ఆయన చెప్పుల చప్పుడు వినబడేది.

బెంగళూరు వెళ్ళి మొదటి పెట్టె తెచ్చాడు. పురుగుల ఇంటిని ఆనుకుని ఒక చిన్న గది ఉంది, మందపు గోడలు, రోడ్డుకు దూరం. అందులో పరుపులు వేలాడదీసి స్టూడియో చేశాడు. ఆ పెట్టెకు గోడ కరెంటు కావాలి. మా వైపు పొలాలకు త్రీఫేజు వేళలు పెట్టి ఇస్తారు. అది రాగానే ఊళ్ళో బోరు మోటార్లన్నీ ఒక్కసారి మొదలవుతాయి. ఆ గుయ్యిమనడమంతా కరెంటు తీగె వెంట వచ్చి పాటలో కూర్చుంది. దాన్ని వెనక్కిచ్చి, ల్యాప్‌టాప్ నుంచే కరెంటు తీసుకునే పెట్టె తెచ్చాడు.

రెండో పెట్టె పది రోజులు అద్దంలాగా వినిపించింది. అయినా ఇంకా మెరుగుపడాలని ఒక్కో చరణం పట్టి చూసి చెరిపేవాడు. పదకొండో రోజున, చెవుల్లో హెడ్‌ఫోన్లతో ఉన్నవాడు ఉన్నట్టుండి లేచి బయటికి వెళ్ళి ఆకాశం చూశాడు. వాన లేదు. హెడ్‌ఫోన్లలో మాత్రం సన్నగా వాన పడుతూనే ఉంది. నేను వెళ్ళినప్పుడు నాకూ వినిపించాడు, నిజమే. వారం తర్వాత అదే పోయింది. "పెట్టెకు బుద్ధొచ్చిందప్పా" అన్నాడు. నెల తిరక్కుండా మళ్ళీ వాన. మూడో పెట్టె వచ్చింది. వైర్లు మారాయి. ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ తీసేసి ఇంకొకటి, అదీ తీసేసి మరొకటి ఎక్కించాడు. కొన్నాళ్ళు బాగా ఉండేది, మళ్ళీ మొదలు.

"బావా, నువ్వు పెట్టెలు మార్చేలోగా ఆపరేషన్ అయిపోతాది" అన్నాను, కొంచెం కోపంగానే.

"అదే గదప్పా నా భయం" అని లేచి మళ్ళీ నడిచాడు.

చివరి సాఫ్ట్‌వేర్‌లో చప్పుడును తుడిచేసే బటను ఒకటి ఉంది. నొక్కితే వాన పోయింది. సంబరంగా అక్కకు వినిపించాడు.

"ఎవురిది ఈ గొంతు?" అంది అక్క.

"నీదే."

"నాది కాదు. ఎవుర్నో సబ్బు పెట్టి కడిగినట్టుండాది."

వానతోపాటు ఆమె గొంతులోని గరుకు కూడా పోయింది. బావ దాన్ని చెరిపేశాడు. ఆపరేషన్‌కు అప్పటికి తొమ్మిది రోజులే ఉన్నాయి. ఒక్క పాటా చేతిలో లేదు.

ఆ మర్నాడు నేను అక్కడే ఉన్నాను. అక్క ఆకు గంప ఎత్తుకుని పురుగుల ఇంట్లోకి పోతుంటే, బావ పిలిచి హెడ్‌ఫోన్లు పెట్టాడు. "పాడొద్దు. ఈ సద్దు యాడ నుంచి వస్తాండాదో చెప్పు సాలు."

అక్క గంప దించను కూడా లేదు. "పురుగులు మేస్తాండాయి గదా" అంది.

ఇద్దరం ఆమె మొహం చూశాం. పట్టుపురుగు గూడు కట్టేలోగా నాలుగుసార్లు మేత మాని పొర విడుస్తుంది. మా వైపు దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు ఒకటే మేత. వేల పురుగులు ఆకు కొరికే ఆ చప్పుడే వాన. పురుగులు చిన్నవిగా ఉన్నన్నాళ్ళూ పెట్టె మంచిది, పెద్దవైతే పెట్టె చెడ్డది.

"నలభై ఏండ్లు పురుగుల్లో ఉండి, ఇది తెలీలేదా నీకు?" అంది అక్క.

బావ గోడకు చెవి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. "నాకిప్పుడు గూడా వినబడలేదే" అన్నాడు. తర్వాత మూడో పెట్టె మీద చెయ్యి వేసి, నాతో మెల్లగా అన్నాడు: "ఇవి అబద్ధం చెప్పలేదప్పా. మన చెవులే అలవాటు పడి చెడినాయి." ఎన్నో మాటలు చెప్పిన మనిషి, నాకు మిగిలింది ఈ ఒక్కటి.

ఒక గంట మేత ఆపితే పని అయిపోతుంది గదా అన్నాను.

"వాటిని పస్తు పెట్టి నన్ను పాట పాడమంటావా?" అంది అక్క. వేరే గదిలో పాడాలంటే రోడ్డు చప్పుడు. పురుగులు పండి మేత మానేదాకా ఎదురుచూడటమే దారి. సోమవారం ఆపరేషన్. ఆ వారమంతా బావ గంటకొకసారి తట్టల దగ్గరికి పోయి పురుగుల రంగు చూసేవాడు. శుక్రవారం పండాయి. పొద్దంతా ఇంటిల్లిపాదీ వాటిని ఏరి, అవి గూళ్ళు కట్టుకునే వెదురు చంద్రికల మీద వేశాం. శనివారానికి గూళ్ళు మొదలయ్యాయి, చప్పుడు ఆగింది. ఆ రెండు రోజుల్లో అక్క పందొమ్మిది పాటలు పాడింది. గదిలో వాళ్ళిద్దరే. పాట ముగిసి నేను తలుపు తీసినప్పుడల్లా బావ అదే కుర్చీలో, లేవకుండా కూర్చుని ఉన్నాడు. ఆయన్ను అంత కుదురుగా అంతకుముందు నేను చూడలేదు.

ఆపరేషన్ బాగానే అయింది. గొంతు మాత్రం గుసగుస దగ్గర ఆగింది. కొంత రావచ్చన్నారు, బలవంతం చెయ్యొద్దన్నారు. ఆ వచ్చేదాన్ని పట్టాలని బావ మళ్ళీ కొత్త పెట్టెలు చూడసాగాడు. రెండు నెలలైనా గొంతు రాలేదు. అందుకే, బావను వాకిట్లో పడుకోబెట్టినప్పుడు, శోకం ఎత్తమన్నట్టు ఆడవాళ్ళంతా అలవాటుగా అక్క వైపు చూస్తే, ఆమె నోరు తెరిచింది గాని ఏమీ రాలేదు. నేను అక్కడ నిలబడలేక మల్బరీ తోటలోకి వెళ్ళిపోయాను.

దినాలయ్యాక అక్క ల్యాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టింది. "ఆయప్ప యాడిదాకా చేసినాడో చూడప్పా." తడుముకుంటూ తెరిచాను. పాటలన్నీ ఉన్నాయి, గరుకుతో సహా. కానీ ప్రతి చరణం తర్వాతా, ఆ చరణం నడిచినంతసేపు ఖాళీ. కత్తిరించడం మరిచాడనుకుని, ఖాళీలు తీసేసే బటను మీదికి వేలు పోనిచ్చాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"పాటంటే ఒకరు పాడేదా? నేనొకటి చెప్తే పది మంది అందుకోవాల. ఆ జాగా వాళ్ళది. నేను తొందరపడితే, ఆయప్ప ఉండు ఉండు అని చెయ్యి చూపిస్తానే ఉన్నాడు. వాళ్ళ వంతు పెదాల్తో అనుకోని, అప్పుడు చెయ్యి దించేవాడు."

పాటలు ఊళ్ళో ఆడవాళ్ళ ఫోన్లలోకి ఎక్కించి వచ్చాను. పోయిన వారం వెళ్ళినప్పుడు వాళ్ళు అక్క వాళ్ళ రాగి చేలో కలుపు తీస్తున్నారు. గట్టు మీద ఒక ఫోను. అందులో అక్క ఒక చరణం పాడి ఆగింది. పది గొంతులు అందుకున్నాయి. వాళ్ళ నడుమ సాలులో అక్క వంగి కలుపు పీకుతోంది. ఆమె పెదాలూ కదులుతున్నాయి. ఇన్నేళ్ళలో ఆమె వంత పాడటం నేను చూడలేదు. వాళ్ళు ముగించడం, ఫోనులో తర్వాతి చరణం రావడం, నడుమ ఊపిరి తీసుకునేంత జాగా. పాట చివరిదాకా ఆ జాగా ఎక్కడా ఎక్కువ కాలేదు, ఎక్కడా తక్కువ పడలేదు.