గుండిగలో నవాజ్ అడుగులు

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. జనగామ రోడ్డు మీద బస్సులు లేవు, డప్పులు మాత్రం ఉన్నాయి. చౌరస్తాలో వంటావార్పు అని వాడంతా ఒకటే సందడి. నడిరోడ్డు మీద పొయ్యిరాళ్లు పెడుతున్నారు, కట్టెలు మోస్తున్నారు, ఉల్లిగడ్డలు కోస్తున్నారు. ఖమర్ బీ మాత్రం ఇంట్లో కూర్చుని, చల్లారిన కిచిడీ ముద్ద చేత్తో పట్టుకుని, మరిది నోరు తెరుస్తాడేమోనని చూస్తోంది.

నవాజ్‌కు నలభై దాటాయి. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవాడు. మాట తక్కువైనా నవ్వుకు కొదవ లేదు. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు 'భాబీ' అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది అతనే. ఇప్పుడు ఆమె ఎవరో అతనికి తెలియదు. అతని అన్న, ఆమె భర్త అమీర్ అలీ చనిపోయినప్పటి నుంచి మతిమరుపు ముదిరింది. ఆమె పెట్టే ముద్దను ఎవరో పరాయి మనిషి పెట్టినట్టు తోసేస్తున్నాడు. ఇలా పుట్టినవాళ్లకు డిమెన్షియా తొందరగా వస్తుందని దవాఖాన నర్సు లత చెప్పింది. తిండి మానేస్తే ముక్కులో గొట్టం వేయాల్సి వస్తుందని కూడా అంది.

"పరీక్ష పెట్టినట్టు అడగకమ్మా. పాత సామాన్లు చేతికియ్యి. మనిషి మరిచినా చేతులకు యాదికుంటది," అంది లత.

అమీర్ అలీ రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసి బతికినవాడు. నవాజ్ ఆయన పక్కనే పెరిగాడు. అందుకే ఖమర్ బీ అటక మీది సామాన్లన్నీ దించింది. చింతపండు పెట్టి తోమింది. తోముతూ ఏడ్చింది, ఏడుస్తూ తోమింది. అద్దంలా మెరిసే రాగి గిన్నెను రోజూ అతని చేతిలో పెట్టేది. అతను అందులో తన ముఖం చూసి జడుసుకుని గిన్నె పక్కకు నెట్టేవాడు. ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు.

అంతలో పక్కింటి పోచమ్మ పెద్ద రాగి గుండిగ ఒకటి దొర్లించుకుంటూ వచ్చింది. లోపలంతా పచ్చగా చిలుము.

"ఖమరక్కా, జర నీ వాకిట్ల తోముకుంట. కళాయి లేకున్నా పర్వాలేదు, వండేది అన్నమే, పులుసు గాదు."

వాకిట్లో గుండిగ పెట్టి, తడి ఇసుక పోసింది. ఆ చప్పుడుకు నవాజ్ లేచాడు. గుండిగ దగ్గరికి వచ్చి తొంగి చూశాడు. పైజామా మోకాళ్ల దాకా మడిచాడు. వెనకే వచ్చిన ఖమర్ బీ భుజం పట్టుకుని ఒక కాలు లోపల పెట్టాడు, తర్వాత రెండోది. నడుము అటూ ఇటూ తిప్పుతూ ఇసుకను పాదాలతో రుద్దడం మొదలుపెట్టాడు.

ఖమర్ బీకి అప్పుడు తట్టింది. పూత పూయడం అన్న పని, పూతకు ముందు మురికి గుండిగలోకి దిగి తొక్కడం తమ్ముడి పని. మెరిసే గిన్నె నేరుగా గిరాకీ చేతికి వెళ్లేది. నవాజ్ చేతికి మురికిదే వచ్చేది. ఆ మురికినంతా తనే తోమేసి, చేయడానికి పనేమీ మిగలని గిన్నెను ఇన్నాళ్లూ ముందు పెట్టింది.

చౌరస్తాలో డప్పు దరువు మారింది. నవాజ్ కూడా దరువు పట్టుకున్నాడు.

"నీ మరిది గిట్ల తిరుగుతుంటే ధూంధాం ఈడనే పెట్టొచ్చు," అని పోచమ్మ నవ్వింది.

నవాజ్ ఆగాడు. కాళ్ల కిందికి చూపించాడు.

"భాబీ. ఇసుక."

ఖమర్ బీ దోసిలి నిండా తెచ్చింది. కళ్లనిండా నీళ్లతో సగం బయటే పోసింది.

"ఏడ్పు తర్వాత ఏడువక్కా, అన్నానికి పొద్దుపోతది," అంది పోచమ్మ, తనూ కొంగుతో కళ్లొత్తుకుంటూ.

గుండిగను చౌరస్తాకు మోసినప్పుడు ఒక కడియం నవాజే పట్టుకున్నాడు. అన్నం ఉడికేదాకా పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. ఖమర్ బీ మొదటి పళ్లెంలో పప్పు కలిపి ముద్ద చేసింది. పెట్టాలంటే భయం వేసింది. అతను ఆమె ముఖం కేసి చూశాడు, నోరు తెరిచాడు. నమిలాడు. మళ్లీ తెరిచాడు.

ఖమర్ బీ పళ్లెం పట్టుకునే లేచి నిలబడింది. నలుగురిలో గొంతెత్తని మనిషి, డప్పుల మీదుగా వినబడేలా అంది:

"మీ ఇండ్లల్ల చిలుము పట్టిన గుండిగలుంటే ఎవ్వరు తోమకుండ్రి. మా ఇంటికి తెండ్రి."