కనెక్టరు దొరికిన నాటికి

మొన్న సెల్‌ఫోను బాగు చేయించుకుందామని ఒక కొట్టు ముందు నిలబడితే, టంకం కరిగిన పొగ గుప్పున ముక్కుకు తగిలింది. పక్కనున్నవాళ్లు ముఖం తిప్పుకున్నారు. నాకది నాయన చొక్కా వాసన. కోవిల్‌పట్టి బస్టాండు వెనక సందులో ఆయనకు రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు ఉండేది. ఆ గడప మీద కూర్చుని వేరుశెనగ మిఠాయి కొరుకుతూ, చింతగింజలాడుతూ నేను పెరిగాను. ఎండాకాలం నల్లరేగడి నెర్రెలు విచ్చి అరికాళ్లు పట్టుకునేది, వానాకాలం అదే మట్టి చెప్పులు ఊడబెరుక్కునేది. వీధిలో, బడిలో అరవం. గడప దాటి లోపలికొస్తే తెలుగు. ఆ తెలుగు రాయడం మా ఇంట్లో ఎవరికీ రాదు. ఈ అక్షరాలు నేను పెద్దయ్యాక నేర్చుకున్నవి.

నాయన చెల్లెలు లక్ష్మత్త ఏళాయిరంపన్నైలో ఉండేది. అక్కడి టపాకాయల ఫ్యాక్టరీలో మందు నింపే పని. వారానికి ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఆదివారం మామనూ, నా ఈడుదైన కూతురు సెల్వినీ వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చేది. ఎంత తోమినా ఆమె గోళ్ల సందుల్లో వెండిరంగు పోయేది కాదు. ఆ చేతులతోనే సజ్జపిండిలో బెల్లం, నువ్వులు కలిపి ఉండలు చేసేది. నేనూ సెల్వీ ఆమె తెచ్చిన ఖాళీ అట్టగొట్టాలను పెదాలకానించి ఊదుకుంటూ, ఉండలు ఎప్పుడు ఆరతాయా అని చేట చుట్టూ తిరిగేవాళ్లం.

మేం పదో తరగతిలో ఉండగా ఆ ఫ్యాక్టరీ గుమస్తా ఒక ల్యాప్‌టాప్ తెచ్చాడు. అప్పటికే అది పాతకాలంది, ఇటుక మందాన ఉండేది. కూలీల హాజరంతా దాంట్లోనే ఉందనీ, ఇప్పుడు నల్లతెర మీద తెల్లగీత ఒకటి మిణుకుమంటూ నిలిచిపోతోందనీ చెప్పాడు. నాయన విప్పి చూశాడు. హార్డ్ డిస్కు బాగానే ఉంది. దాన్ని బోర్డుకు కలిపే పట్టీ కొసన చిన్న కనెక్టరు కాలిపోయింది. అలాంటిది ఆయన అంతవరకూ చూడలేదు. తర్వాత చూద్దామని అటక మీద పెట్టాడు.

రెండు వారాలకు ఆ ఫ్యాక్టరీలో మందు నింపే షెడ్డు పేలింది. లక్ష్మత్త పోయింది.

పాడె మీది పూలు వాడకముందే ఫ్యాక్టరీవాళ్లు కొత్తమాట మొదలుపెట్టారు. ఆమె తమ దగ్గర పనిచేసే మనిషే కాదట, ఎవరికో అన్నం ఇవ్వడానికొచ్చి చిక్కుకుందట. గుమస్తా ఊరు విడిచి వెళ్లిపోయాడు. అత్త ఆ షెడ్డులో పనిచేసినట్టు ఒక్క కాగితం లేదు. అప్పుడు నాయన అటక వైపు చూశాడు.

మదురైలో ఎన్ని కొట్లు తిరిగాడో. వాళ్లు చూపించినవన్నీ వెడల్పువి. పేరు తెలియని సరుకు ఎలా వెతికేదని విసుక్కుని పంపేశారు. నెలలు గడిచాయి. ఫ్యాక్టరీవాళ్లు సంతకం పెట్టమంటున్నారని మామ వచ్చినప్పుడల్లా, ఇంకో నాలుగు దినాలు ఆగమని నాయన చెప్పేవాడు. ఒకరోజు నన్ను పిలిచి ఆ కనెక్టరు నా అరచేతిలో పెట్టాడు.

"నాకు కండ్లు ఆనేది లే పాపా. నువ్వు ఎంచు."

సూదిమొనతో ఎంచాను. రెండు వరుసలు, వరుసకు ఇరవై అయిదు కాళ్లు. నా గ్రాఫు కాగితం మీద పెడితే వరుస మూడు సెంటీమీటర్లకు కాస్త పైన వచ్చింది. పక్కన అరిగిన రాత ఏదో ఉన్నట్టనిపించి, సుద్దముక్క పొడిచేసి రుద్ది తుడిచాను. గుంటల్లో నిలిచిన తెలుపులోంచి చేసినవాళ్ల పేరూ ఒక నంబరూ బయటపడ్డాయి. నాయన వాటిని చీటీ మీద రెండుసార్లు రాసుకున్నాడు.

ఆ చీటీ పట్టుకుని విరుదునగర్ వెళ్లాం. మిరప మండీల వెనక, తుమ్ములు తెప్పించే ఆ ఘాటులో, పాతసామాన్ల కొట్టు ముసలాయన నంబరు చదివి, ఇది ఫ్యాక్స్ మిషన్లలో కూడా వచ్చేదని చెప్పి, గుట్టలోంచి ఒక మిషను లాగి విప్పాడు. కాళ్లు ఎంచాను. యాభై.

మర్నాడు పగలంతా నేను సూదిమొనతో చూపిస్తుంటే నాయన ఒక్కో కాలూ టంకం పెట్టాడు. తెర వెలిగింది. ఇంగ్లీషు అక్షరాల్లో పేర్ల వరుస వచ్చింది. నేను చదువుతూ పోయాను. లక్ష్మి. పదకొండు నెలలు, ఆదివారాలు తప్ప ప్రతి దినానికీ గుర్తు. నాయన ఆ పేరు మీద వేలు పెట్టి, ఎంతసేపటికీ తియ్యలేదు.

పొద్దున్నే ల్యాప్‌టాప్‌ను గుడ్డసంచిలో పెట్టుకుని ఏళాయిరంపన్నై బస్సెక్కాం. మామ అరుగు మీదున్నాడు. లక్ష్మి పేరు దొరికిందంటూ నాయన సంచి విప్పబోయాడు.

"నిన్ననే సంతకం పెట్టినా బావా," అన్నాడు మామ. "అన్నం ఇయ్యను పోయిందనే రాసిస్తిని. సెల్వికి ఆడనే పని ఇస్తామన్నారు."

"నాలుగు దినాలు ఆగలేకపోతివా?"

"నాలుగు నెలలుగా నువ్వు అదే సెప్తా ఉండావు."

నాయన సంచి మళ్లీ ముడేశాడు. వకీలు దగ్గరికీ వెళ్లాడు. మొగుడే అలా రాసిచ్చాక, ఆ పేరు ఏ లక్ష్మిదో ఎవరికి తెలుసునన్నాడు వకీలు. మామ మీద కోపం నాకు చాలా ఏళ్లు ఉండింది. ఆయన పొయ్యి మీద ఏం ఉడుకుతోందో ఆ రోజు నేను చూడలేదు.

ఇప్పుడు నాయన లేడు, మామ లేడు. కొట్టున్న చోట చెప్పులు అమ్ముతున్నారు. సజ్జ ఉండల పాళ్లు ఎవరికీ గుర్తులేవు. కిందటి నెల సెల్వి ఇంటికెళ్లాను. ఇన్నేళ్లూ నోటిదాకా వచ్చి ఆగిన ప్రశ్న అడిగేశాను, వాళ్లమ్మ పేరు మేం చూశామని తనకు తెలుసా అని.

"తెలుసు," అంది సెల్వి. "మీరు బస్సెక్కినాక మా నాయన సెప్పినాడు. తెల్లారి నేను పనికి పోతిని."

అని, లోపలున్న కూతురిని అరవంలో పిలిచి, నాకు కాఫీ పెట్టమంది.